తిరగేసి బిగించిన ఇరుసు

కాక శవాన్ని ఏ బండిలో తీసుకుపోవాలన్న దాని మీద ఆయన వాకిట్లోనే గంటసేపు చర్చ జరిగింది. మునిసిపాలిటీ వ్యాను ఉండగా వేరేది ఎందుకని ఒకరు. వ్యాను వెనక తలుపు సరిగా పడదు, ట్రాలీ ఆటోకు పూలు కడితే నిండుగా ఉంటుందని ఇంకొకరు. ట్రాక్టరయితే పదిమంది వెంట కూర్చోవచ్చని మూడో ఆయన. డప్పుల వాళ్లు విసుగొచ్చి టీ తాగడానికి పోయారు. నేను గోడకు ఆనుకుని ఆ మొహం వంక చూస్తూ నిలబడ్డాను. ఖర్మ కాకపోతే ఏమిటి! బతికున్నంత కాలం ఈ మనిషి చేసిన పని ఇదే. ఇప్పుడు గనక లేచి కూర్చుంటే, కళ్లద్దాలు తీసి చేత పట్టుకుని, "అందరు మంచిగనే సెప్పిండ్రు, ఇంకొక్కల్ని గూడ అడుగుదాం" అంటాడేమో అనిపించింది.

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద అందరికీ ఆయన కాకే, అంటే బాబాయే. నాకూ అంతే, చుట్టరికం ఏమీ లేదు. గ్రానైట్ పాలిష్ మిషన్లు రిపేరు చేసే షెడ్డు ఉండేది ఆయనకు. నేను ఇన్సూరెన్సు సర్వేయరును. గుద్దుకున్నవి, బోల్తా పడ్డవి, కాలిపోయినవి, ఇట్లాంటి బండ్లను చూసి ఎంత నష్టమో రాయడం నా పని. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా నేను చూడని తుక్కు లేదు. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక జబ్బు వస్తుంది. బండ్ల గురించి మనకు తెలియనిది లేదనే జబ్బు. అది నాకు నలుగురికంటే ఎక్కువే వచ్చింది. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత మీరు పట్టుకునే లోపే.

కాక సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఎవరు మాట్లాడినా కళ్లద్దాలు తీసేసి వినేవాడు. చూపుకు అద్దాలు కావాలి గానీ వినడానికి అడ్డం అన్నట్టు. ప్రతి వాక్యానికీ "అవ్" అనేవాడు. అవతలివాడు అడ్డదిడ్డంగా మాట్లాడినా అదే "అవ్". అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే ఎవడు వదులుతాడు? ఆ షెడ్డు ముందు నుంచి పోయే ప్రతివాడికీ కాసేపు ఆగి కాకకు ఏదో ఒకటి చెప్పి పోవాలని ఉండేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? నా స్కూటరు కూడా అక్కడ ఆగేది.

ఆయనది నేత కుటుంబం. చిన్నప్పటి నుంచి పవర్‌లూమ్‌ల మధ్య పెరిగాడు. మగ్గం ఆగితే దాని దగ్గరికి పోయి, చెవి పెట్టి విని, "గీ పిన్ను అరిగింది, తియ్యి" అనేవాడట. ఎవరినీ అడిగేవాడు కాదట. మిషన్ల దగ్గర చివరిదాకా అంతే. వేల కిలోల రాయిని కోసే రంపం ముందు నిలబడి అరనిమిషంలో తేల్చేసే మనిషి, ఒక్క కారు దగ్గరికి వచ్చేసరికి ఊరందరి నోళ్లూ చూడడం మొదలుపెట్టాడు.

ఆ కారు సంగతి చెప్పాలి. రెండే సీట్లు. పైకప్పు లేదు. ముక్కు పొడుగు. క్రైస్తవ మిషన్ ఆస్పత్రిలో ఒకప్పుడు పనిచేసిన దొర డాక్టరు తన దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు అది. పోతూ పోతూ ఆయన దాన్ని ఇక్కడే వదిలేశాడు. ఇంజన్‌ను ఎవరో రైతు పట్టుకుపోయి బావి మీద నీళ్లు తోడడానికి పెట్టుకున్నాడు. బండినంతా మోసే ఇనుప చట్రం, అదే ఛాసీ, వేలితో పొడిస్తే పొడి రాలేంతగా తుప్పు పట్టింది. మిగిలింది పైన రేకు డొక్కు ఒక్కటే. ఆస్పత్రి కాంపౌండులో కోళ్లు దాంట్లో గుడ్లు పెట్టేవి.

అదే కాంపౌండులో ఒక గదిలో సిస్టరమ్మ ఉండేది. ఎనభై దాటిన రిటైర్డ్ నర్సు. ఆదివారం మెథడిస్టు చర్చిలో అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆ కార్లో డాక్టరు పక్కన కూర్చుని పల్లెలకు కాన్పులు చేయడానికి పోయేది. కాక ఒకసారి కాంపౌండు బోరు మోటారు బాగుచేయడానికి పోయి, పని అయిపోయాక ఆ డొక్కు చుట్టూ తిరుగుతుంటే ఆమె చూసింది.

"తీస్కపో బిడ్డా. పైసలేం వద్దు. నడిపియ్యి. నడిచిన్నాడు నన్ను పక్కన కూసోవెట్టుకొని మానేరు కట్ట దాక ఒక్కసారి తీస్కపో. గా సీట్ల కూసోని గా తొవ్వ మళ్ల సూడాలని ఉన్నది" అన్నది.

"తప్పకుంట తీస్కపోత అమ్మా."

"జల్ది చెయ్యాలె. నా కండ్లకు గ్లకోమా. పక్కల పొంటి మూసుకొస్తున్నయ్. నడుమ జరంత మిగిలింది. ఏడాదో రెండేండ్లో అన్నడు డాక్టర్."

నర్సు కదా, తన జబ్బు గురించి జ్వరం చీటీ చదివినట్టు చెప్పింది. ఈ మాటలు కాక నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం దిగేది. ఆమె కళ్లు పోయేలోపు ఆ కారు నడవాలి. పని అంతే. మంచి మేస్త్రి పక్కన ఉంటే ఆరు నెలల పని.

కానీ డొక్కును ట్రాలీ మీద తెచ్చి షెడ్డు ముందు దింపిన మర్నాడే అక్కడ రెండు బెంచీలు పడ్డాయి. ఆ బెంచీలే కొంప ముంచాయి.

ఏ ఛాసీ వేయాలి, ఏ ఇంజన్ వేయాలి, ఏ గేర్‌బాక్సు వేయాలి? కాక మొదట ఇంజన్ మేస్త్రిని అడిగాడు. అది సబబే. తర్వాత రైస్‌మిల్లు సేటును అడిగాడు. ఆటో యూనియన్ నాయకుణ్ణి అడిగాడు. రిటైరైన లెక్కల సారును అడిగాడు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వస్తే బెంచీ మీద కూర్చోబెట్టి వాళ్లనూ అడిగాడు. బ్యాటరీ పెట్టి కరెంటుతో నడపమన్నారు వాళ్లు. పాలు పోసే ఆయనను కూడా అడిగాడని నేను అంటే మీరు నమ్మరు. ఆయన ట్రాక్టరు ఇంజన్ అన్నాడు. కాక కళ్లద్దాలు తీసి "అవ్" అన్నాడు. చెప్పిన ప్రతివాడికీ టీ వచ్చేది. ప్రతి మాటా పాత క్యాలెండరు కాగితాల వెనక శుభ్రంగా రాసిపెట్టుకునేవాడు. ఈ కారుకు రోడ్డు మీద తిరగడానికి కాగితాలు ఎట్లా వస్తాయని మాత్రం ఒక్కడు అడగలేదు. ఇన్సూరెన్సు వాణ్ణయి ఉండి నేనూ అడగలేదు, ఇంకొకరిని అని ఏం లాభం?

ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఏందే కాకా, గిట్ల ఎన్ని రోజులు? ఏదో ఒకటి తీస్కో. ఆమె కండ్లు నీ కోసం ఆగుతయా?"

"తీసుకుంట సారూ. కని లెక్కల సారు జీపు ఛాసీ అన్నడు. సేటు వ్యాను ఛాసీ అన్నడు. ఒకటి తీసుకుంటె ఇంకొకాయన మొఖం ఎట్ల సూడాలె? రోజు పొద్దుగాల గాయిన మిల్లు ముందల్నుంచే పోతగద."

"అయితే ఎవల్ని అడగకపోతివి."

"అడిగినంక ఇనాలె సారూ. ఇనని కాడికి అడుగుడెందుకు?"

ఈ మాట ఆయన నోట వందసార్లు విన్నాను. ఈ మనిషికి మర్యాద అనేది ఒక రోగంలా పట్టిందని ఇంటికి పోయి మా ఆవిడతో అన్నాను కూడా. ఆమె నవ్వి, "మరి నువ్వు చెప్పుడు బంద్ చెయ్యరాదూ" అన్నది. నేను వినిపించుకోలేదు.

ఆదిలాబాద్ దారిలోని ఇచ్చోడకు చేసిన ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. అక్కడ హైవే పక్కన బోల్తా కొట్టిన జీపు ఒకటి నా సర్వేకు వచ్చింది. పైన నుజ్జు, కింద ఛాసీ మాత్రం గుండులా ఉంది. అమ్మేస్తారని తెలిసి కాకను బస్సులో వెంటబెట్టుకుని పోయాను. నిర్మల్ దాటి ఘాటు ఎక్కుతున్నంతసేపూ ఆయన క్యాలెండరు కాగితాలు చదువుకుంటూనే ఉన్నాడు, పరీక్షకు పోయే పిల్లాడిలాగ.

జీపు అమ్మే ఆయన ఆ పక్క మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది. కాక చట్రం కిందికి దూరి, జానతో కొలిచి, సుద్దతో నాలుగు గీతలు గీసి, బయటికి వచ్చి మొట్టమొదట అడిగిన మాట ఇది: "ఇందుల ఎవలన్న సచ్చిండ్రా?"

"ఎవలు సావలే భావూ. డ్రైవర్ చెయ్యి ఇరిగింది, బస్. ఫికర్ నక్కో."

"గా డ్రైవర్‌ను సూడొచ్చా?"

అమ్మే ఆయన నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. సిస్టరమ్మ ఈ బండిలో కూర్చోవాలి, మనిషి పోయిన చట్రం మీద కూర్చోబెట్టనంటాడు కాక. అక్కడి దాకా నాకూ అర్థమైంది. మంచి మాటే. డ్రైవరు ఇంటికి పోయాం. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు, కళ్లారా చూశాం, లేచి రావాలి కదా! కాక మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, కళ్లద్దాలు తీసి, "తమ్మీ, నువ్వు నడిపినోనివి. గీ ఛాసీ మీద ఏ ఇంజన్ మంచిగుంటదంటవ్?" అని అడిగాడు. నా తల గోడకేసి కొట్టుకోబుద్ధయింది. ఆ డ్రైవరు అరగంట చెప్పాడు. పెట్రోలు ఇంజన్ వేయమన్నాడు, డీజిలయితే ముసలమ్మకు కుదుపు తగులుతుందని. క్యాలెండరు కాగితం ఒకటి ఎక్కువైంది.

ఏమైతేనేం, ఛాసీ వచ్చింది. అప్పటికే ఏడాది గడిచింది. సిస్టరమ్మ చర్చికి పోయేటప్పుడు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టిందని మేస్త్రి చెప్పాడు. అది విని కాక రెండు రోజులు బెంచీల మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. మూడో రోజు ఒక ఉపాయంతో వచ్చాడు. ఎవరి మాటా పోకుండా అందరి మాటా ఉంచుతాడట! లెక్కల సారు చెప్పిన జీపు ఛాసీ, దాన్ని పొట్టిగా కోసి అతికించాలి. సేటు వ్యాను అన్నాడు కాబట్టి ఇంజను వ్యానుది, ఇచ్చోడ డ్రైవరు అన్నట్టు పెట్రోలుది. గేర్‌బాక్సు అదే వ్యానుది. వెనక ఇరుసు జీపుతో వచ్చిందే. ఆటో యూనియన్ నాయకుడి మాట మీద హారను. కాలేజీ పిల్లలు నొచ్చుకుంటారని లైట్లకు కొత్త బ్యాటరీ. పాలాయన కోసం ట్రాక్టరు సీటు ఒకటి ఆలోచించాడు గానీ సిస్టరమ్మకు అసలు సీటే కావాలి కాబట్టి ఆయనకు చేతులు జోడించి క్షమించమన్నాడు. పెళ్లిలో బంధువులందరికీ బట్టలు పెట్టినట్టు పెట్టాడు.

అందరికీ పెట్టాడు, నాకు తప్ప. జీపు చూపించింది నేను, కానీ అది సలహా కిందికి రాదు కదా. నిజం చెప్తున్నాను, నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది.

దసరా ముందు ఒక మధ్యాహ్నం షెడ్డుకు పోయేసరికి మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి తక్కువ మాట్లాడే మనిషి. చిక్కు ఇది. ఇంజన్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్టు ఎడమ వైపుగా వస్తోంది. జీపు ఇరుసు మధ్యలో పళ్లచక్రాలుండే గుండు కుడి వైపుకు ఉంది. రెండూ కలవడం లేదు. ఇంకో ఇరుసు వెతకాలంటాడు మేస్త్రి. "జర మీరే ఒక మాట సెప్పుండ్రి సారూ" అన్నాడు కాక.

ఆ మాట కోసమే పుట్టినవాడిలా నేను బ్యాగు తీశాను. క్లెయిము ఫారం వెనక పెన్నుతో బొమ్మ గీశాను.

"ఇంకో ఇరుసు ఎందుకు? గిదాన్నే తిరగేసి బిగించుండ్రి. కిందిది పైకి, కుడి దిక్కుది ఎడమ దిక్కుకు వస్తది. అయిపాయె!"

మేస్త్రి బొమ్మ చూసి, కాక వంక చూశాడు. కాక కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వినడం నేను చూసింది అదొక్కసారే. బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"సారూ... తిర్గేస్తే మరి..."

"తిరగేస్తే ఏంది?" అని కసిరాను. ఎండలో వచ్చాను, ఆకలి మీద ఉన్నాను, పైగా మొదటిసారి నా మాట అడిగారు.

"ఏం లేదు సారూ. మీరు సెప్పినంక అయిపాయె" అన్నాడు కాక. టీ తెప్పించాడు.

ఆ తర్వాత నేను ఆదిలాబాద్ వైపు పనుల్లో పడ్డాను. దసరా పోయిన వారానికే కాక ఫోన్లు మొదలయ్యాయి. మొదటి రెండూ ఎత్తలేకపోయాను, నిజంగానే పనిలో ఉన్నాను. ఆ తర్వాతవి కావాలనే ఎత్తలేదు. ఈయన ఫోనంటే ఏముంటుంది? ఏ రంగు వేయాలి, అద్దం ఏ వైపు పెట్టాలి, ఇదే కదా అనుకున్నాను. స్క్రీన్ మీద ఆయన పేరు కనబడగానే ఫోను బోర్లించి పెట్టేవాణ్ణి. వాట్సాప్‌లో గొంతు పంపించేవాడు. "సారూ, ఒక్కసారి వచ్చి మీ కండ్లతోటి సూసి పోండ్రి. గంతే. బండి నిలవడ్డది." ఇంకోటి. "సారూ, మీరొస్తెనే అయితది." నేను విని, ఒక దండం బొమ్మ పంపి ఊరుకునేవాణ్ణి. దీపావళి పోయింది. క్రిస్మస్ పోయింది. శివరాత్రి వెళ్లాక బైపాస్ రోడ్డు మీదే ఒక లారీ సర్వే పడితే తప్ప నేను ఆ షెడ్డుకు పోలేదు.

పోయేసరికి కారు నిజంగానే నిలబడి ఉంది. ఎర్ర రంగు. పొడుగు ముక్కు. అబ్బ, ఎంత బాగుందో! బెంచీల వాళ్లంతా పోగయ్యారు. కాక మేస్త్రికి సైగ చేశాడు. మేస్త్రి ఎక్కి, స్టార్టు చేసి, మొదటి గేరు వేసి వదిలాడు. కారు ముందుకు రావాలి. వెనక్కి దూకింది. వెనకనున్న సిమెంటు బస్తాలకు పోయి గుద్దుకుంది. రెండో గేరులో ఇంకా జోరుగా వెనక్కి. నాలుగు గేర్లూ వెనక్కే. వెనక గేరు వేస్తే మాత్రం ముందుకు వచ్చింది, ఎద్దుబండిలాగ మూలుగుతూ.

జనం పడీపడీ నవ్వారు. హారను ఇచ్చిన యూనియన్ నాయకుడయితే కూలబడిపోయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చూసిన మరుక్షణం నాకు తెలిసిపోయింది. ఇరుసును తిరగేస్తే లోపలి పెద్ద పళ్లచక్రం, షాఫ్టు కొసనుండే చిన్న చక్రానికి, అదే పినియనుకు, అవతలి పక్కకు పోతుంది, చక్రాలు తిరిగే దిక్కు మారిపోతుంది. ఇంత చిన్న సంగతి, క్లెయిము ఫారం మీద పెన్ను పెట్టిన నాడు తట్టలేదు. కాక కళ్లద్దాలు చేత్తో పట్టుకుని నా మొహం వంకే చూస్తున్నాడు. నా నోటి నుంచి ఏం వస్తుందా అని.

నేను ఏమన్నానో తెలుసా? గొంతు సవరించుకుని, "గేర్‌బాక్సుల ఏదో ఫరక్ ఉన్నది కాకా" అన్నాను.

అందరూ రైస్‌మిల్లు సేటు వంక చూశారు, వ్యాను గేర్‌బాక్సు ఆయన మాట మీద వచ్చింది కదా. సేటు మొహం మాడిపోయింది. కాక పోయి సేటు భుజం మీద చెయ్యి వేశాడు.

"అవ్ సారూ. గేర్‌బాక్సే అయ్యుంటది. నేనే సరిగ సూసుకోలే, సేటు తప్పేం లేదు" అన్నాడు.

మర్నాడే గేర్‌బాక్సు దింపారు. ఏ లోపమూ లేని గేర్‌బాక్సును పది రోజులు విప్పి, కడిగి, మళ్లీ బిగించారు. ఆ పది రోజులూ నేను ఇంట్లో సరిగా అన్నం తినలేదు. తినకపోతే ఏం, పోయి చెప్పనూ లేదు. సిగ్గులేని బతుకు అని నన్ను నేను తిట్టుకున్నాను. చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున మేస్త్రి ఫోను చేశాడు. సిస్టరమ్మకు కనబడడం ఆగిపోయింది. వెలుతురు, చీకటి తెలుస్తున్నాయి, అంతే. కాక ఇంక ఎవరినీ అడగలేదు. గేర్‌బాక్సు ఎక్కించి, ఇరుసు అట్లాగే ఉంచి, కారేసుకుని కాంపౌండుకు పోయాడు. ముందుకు పోయే ఆ ఒక్క గేరుతోనే.

నేను స్కూటరు మీద పోయి పక్కన కలిశాను. సిస్టరమ్మ తెల్ల చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, డాక్టరు పక్కన కూర్చున్న సీట్లోనే కూర్చుంది. చేతులతో డోరు అంచును తడుముకుంటోంది. కారు నడిచే మనిషికంటే కాస్త జోరుగా పోతోంది. వెనక బస్సుల వాళ్లు హారన్లు కొడుతూ తిడుతున్నారు.

"నువ్వు సెప్పు బిడ్డా, ఏమేం వస్తున్నయో" అన్నది ఆమె.

కాక చెప్పుకుంటూ పోయాడు. "కుడి దిక్కు పెట్రోల్ బంక్ అమ్మా. గిటు గ్రానైట్ రాళ్లు పేర్చిండ్రు, నల్లయి. గాడ ఒకామె మక్కకంకులు కాలుస్తున్నది. గిప్పుడు కట్ట కనవడ్తున్నది." ఆయన అంత గబగబా, అనుమానం లేకుండా మాట్లాడడం నేను వినలేదు అంతకుముందు. కట్ట దగ్గరికి వచ్చాక బండి ఆపి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, గింతకన్న జోరు పోతలేదు. మాఫ్ చెయ్యి."

"జోరెందుకురా కొడుకా? డాక్టర్ గీ బండిని ఒకటో గేర్ ఎన్నడు దాటిచ్చిండని? గప్పుడు తొవ్వలు యాడున్నయ్? జర జోరు వెంచితె నేను దిగిపోత అనేదాన్ని."

"గది నాకు ఎరుకలేకపాయె అమ్మా."

"ఊరందర్ని అడిగినవట. నన్నొక్కదాన్ని అడగకపోతివి" అని ఆమె నవ్వింది. కాక కూడా నవ్వాడు, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. మానేరు మీది నుంచి గాలి వస్తోంది. ఆమె మొహం ఆ గాలి వచ్చే దిక్కుకు తిప్పుకుని చాలాసేపు కూర్చుంది. నేను కొంచెం దూరంగా స్కూటరు పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాత ఏడాదికి కాక గుండె ఆగి పోయాడు. బండి చర్చ చివరికి మునిసిపాలిటీ వ్యాను దగ్గర తేలింది. శ్మశానంలో మంట అంటుకున్నాక మేస్త్రి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మంట వంకే చూస్తూ మాట్లాడాడు.

"మీరు బొమ్మ గీసిన్నాడే కాకకు ఎరుకైంది సారూ, ఎన్కకు పోతదని. నేను గూడ సెప్పిన. దసరకు బిగించినంక నడిపి సూసినం, అచ్చం గట్లనే అయింది. ఇప్పి సక్కగ చేద్దాం, రెండు రోజుల పని అన్న. కాక ఒప్పుకోలే. సారు మాట సారుకు సెప్పకుంట ఎట్ల ఇప్పుతం, అడిగింది మనమే గద అన్నడు. సారొచ్చి సూసి, ఇప్పుమంటె ఇప్పుదామన్నడు. గందుకే అన్ని ఫోన్లు చేసిండు."

మేస్త్రి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని పోయాడు.

కాక ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో కుర్చీలో సిస్టరమ్మ కూర్చుని ఉంది. చర్చి వాళ్లెవరో ఆటోలో తీసుకొచ్చారు. నా గొంతు విని గుర్తుపట్టి పక్కనున్న కుర్చీ చూపించింది, కొంచెం తప్పు దిక్కుకు.

"సారూ, మీరు గాయినకు దోస్తులు. ఒక మాట సెప్పుండ్రి. దసరకే బండి తయారయిందట గద. గప్పుడు నాకు జరంత కనవడ్తుండె. గా మనిషి నన్ను అమ్మా అని పిలిచెటోడు, మాట తప్పెటోడు గాదు. మరి గన్ని నెల్లు ఎందుకు ఆగిండు?"

"నా కోసం ఆగిండమ్మా" అన్నాను. "ఇరుసు తిరగేసి పెట్టుమన్నది నేనే. నేనొచ్చి సూసెదాక ఇప్పనన్నడట."

ఆమె వేళ్లతో కొంగు అంచు మడత పెడుతూ ఉంది.

"మరి రమ్మని మీకు ఫోన్ చెయ్యకపాయెనా?"

"చేసిండు."

"ఎత్తలేదా?"

నేను తల వంచుకున్నాను. అది ఆమెకు కనబడదు. ఆమె చెయ్యి చాపి నా కుర్చీ వైపు గాలిలో తడుముతూ, "సారూ, ఉన్నరా, పోయిండ్రా?" అని అడిగింది.

"ఉన్ననమ్మా" అన్నాను.